గుండెపోటును ఇంట్లోనే పసిగట్టడం ఎలా? ఆడవాళ్లలో, మగవాళ్లలో తేడా ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. పొద్దున్నే దవడ లాగుతోందని, కడుపులో తిప్పుతోందని అన్నారు, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఛాతీలో నొప్పి లేదన్నారు కాబట్టి గ్యాస్ అనుకుని మాత్ర వేశారు. సాయంత్రం ఈసీజీ తీస్తే గుండెపోటని తేలింది. ఆడవాళ్లలో లక్షణాలు వేరుగా ఉంటాయా, ముందే ఎలా గుర్తుపట్టాలి, ఆ సమయంలో ఇంట్లో ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

ముందుగా అసలు సంగతి. ఇంట్లోవాళ్లు తేల్చాల్సింది "ఇది గుండెపోటా, గ్యాసా" అని కాదు. అది ఎంత అనుభవమున్న డాక్టరైనా మనిషిని చూసి చెప్పలేరు. ఈసీజీ తీసి, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) చూసి చెప్పాల్సిందే. ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ మనిషికి ఇప్పటికిప్పుడు ఈసీజీ తీయించాలా, అక్కర్లేదా? ప్రశ్నను ఇలా మార్చుకుంటే ఆలస్యం చాలావరకు తగ్గిపోతుంది. ఎందుకంటే గుండెపోటులో ఎక్కువ సమయం పోయేది దారిలోనూ కాదు, ఆసుపత్రిలోనూ కాదు. "కాసేపు చూద్దాం" అనుకుంటూ ఇంట్లోనే.

ఆ కాసేపట్లో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. గుండె కండరానికి రక్తం ఇచ్చే ధమని గోడలో పేరుకున్న కొవ్వు పొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోతే దాదాపు 20 నిమిషాల నుంచి కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. లోపలి పొర నుంచి బయటి పొర దాకా అలా పాకుతూ కొన్ని గంటల్లో ఆ భాగమంతా పోతుంది. పోయిన కండరం తిరిగి రాదు. మొదటి రెండు గంటల్లో రక్తనాళం తెరిస్తే దక్కే కండరం, ఆరు గంటల తర్వాత తెరిస్తే దక్కదు. పైగా గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం కూడా మొదటి గంటలోనే అన్నిటికన్నా ఎక్కువ. "నొప్పి తగ్గాక వెళ్దాం" అనేవాళ్లు ఆ గంటనే ఇంట్లో గడుపుతారు.

"నొప్పి ఉందా" అని అడగకండి

గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామంది "నొప్పి" అనే మాటే వాడరు. "నొప్పి ఉందా?" అని అడిగితే "లేదు" అంటారు, అది నిజమే కూడా. వాళ్లకు ఉన్నది బరువు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు, బిగించి కట్టేసినట్టు, పట్టేసినట్టు, లోపల మండుతున్నట్టు, నిండుగా ఉబ్బినట్టు. అందుకే "ఛాతీలో ఏమన్నా తేడాగా ఉందా? బరువుగా ఉందా? పట్టేసినట్టుందా? మంటగా ఉందా?" అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. జవాబు మారిపోతుంది. ఎక్కడ అని అడిగితే వేలితో ఒక చోటు చూపించరు. అరచెయ్యో పిడికిలో ఛాతీ మధ్యలో ఆనించి "ఇక్కడంతా" అంటారు. గుండె ఎడమవైపు ఉంటుంది కాబట్టి నొప్పీ ఎడమవైపే ఉండాలనుకోవడం పొరపాటు. మధ్యలో, ఎముక వెనకాల ఉండటమే ఎక్కువ.

ఈ ఇబ్బంది ఎడమచేతికి పాకుతుందన్నది అందరికీ తెలుసు. కుడి చేతికీ, రెండు చేతులకూ పాకవచ్చన్నది తక్కువమందికి తెలుసు. నిజానికి రెండు చేతులకూ పాకిందంటే అనుమానం ఇంకా బలపడాలి. మెడ, దవడ, కింది పళ్లు, భుజాలు, వీపులో రెండు రెక్కల మధ్య, బొడ్డుకు పైన కడుపు, వీటిలో ఎక్కడైనా రావచ్చు. ఛాతీలో ఏమీ లేకుండా వీటిలో ఒక్కచోటే కూడా రావచ్చు. గుండె నుంచి వచ్చే నరాలు, ఈ భాగాల నుంచి వచ్చే నరాలు పైకి వెళ్లే దారిలో కలుస్తాయి. బాధ ఎక్కడ పుట్టిందో మెదడు విడదీసి చెప్పలేదు. దవడ లాగితే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కారణం ఇదే. పంటి నొప్పి అయితే చల్లటివి, వేడివి తగిలినప్పుడు, నమిలినప్పుడు, ఒక పన్ను దగ్గర ఎక్కువవుతుంది. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి పంటిది కాదు.

దానికి తోడుగా వచ్చేవాటిని ఇంకా జాగ్రత్తగా చూడాలి. చల్లచెమటలు పడతాయి. ఉక్కపోత చెమటకూ దీనికీ తేడా చెయ్యి పెడితే తెలుస్తుంది: చర్మం చల్లగా, జిగటగా ఉంటుంది, ముఖం పాలిపోతుంది. కూర్చున్నా ఆయాసం, వికారం లేదా వాంతి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ ఆడనంత నీరసం, చెప్పలేని భయం. "నాకేదో అయిపోతోంది" అని మామూలుగా దేనికీ బెదరని మనిషి అంటే ఆ మాట తీసిపారేయకండి. గుండె కింది భాగానికి రక్తం ఆగినప్పుడు వాంతి, చెమట, నాడి నెమ్మదించడం మరీ ఎక్కువ. అది డయాఫ్రమ్‌కు (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరపు పొర) ఆనుకున్న భాగం కాబట్టి బాధ కడుపులోదిలాగే అనిపిస్తుంది. గ్యాస్ అని పొరబడేవి ఎక్కువగా ఇవే.

లెక్కలోకి తీసుకోవాల్సిన ఇంకో విషయం సమయం. ఒకటి రెండు సెకన్లు గుచ్చి పోయేది, గుండెపోటు అయ్యే అవకాశం తక్కువ. ఐదు నిమిషాలు దాటి ఉండేది, లేదా తగ్గి మళ్లీ వచ్చేది ప్రమాదకరం. ఈ వచ్చీపోవడమే చాలామందిని మోసం చేస్తుంది. గడ్డ ఒకసారి కొంచెం కరిగి దారి ఇస్తుంది, మళ్లీ మూసుకుంటుంది. మధ్యలో పావుగంట హాయిగా ఉంటే "తగ్గిపోయింది" అనుకుంటారు. తగ్గలేదు.

ఆడవాళ్లకు వేరుగా వస్తుందా?

ఇక్కడ రెండు అతులున్నాయి. "ఆడవాళ్లకు ఛాతీ నొప్పి రాదు" అనేది ఒకటి, "అందరికీ ఒకటే" అనేది ఇంకొకటి. రెండూ సరికాదు. ఆడవాళ్లలోనైనా, మగవాళ్లలోనైనా అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఛాతీలో ఇబ్బందే. స్కాట్లండ్‌లో జరిగి 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో, గుండెపోటు అనుమానంతో అత్యవసర విభాగానికి వచ్చి నిర్ధారణ అయిన ఆడవాళ్లలోనూ, మగవాళ్లలోనూ పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఛాతీ నొప్పి ఉందనే చెప్పారు. మరి తేడా ఎక్కడుంది? ఛాతీ నొప్పికి తోడుగా వీపు, దవడ, మెడ నొప్పి, వాంతి, ఆయాసం, విపరీతమైన అలసట ఆడవాళ్లలో ఎక్కువ. నాలుగు లక్షణాలు ఒకేసారి చెప్పేసరికి వినేవాళ్లు వాటిలో గుండెకు సంబంధించినదాన్ని వదిలేసి మిగతావి పట్టుకుంటారు. "వాంతి అవుతోంది, వీపు లాగుతోంది, నీరసంగా ఉంది, ఛాతీ కొంచెం బరువుగా ఉంది" అంటే ఇంట్లోవాళ్ల చెవికి వాంతే వినిపిస్తుంది.

అసలు ఛాతీ నొప్పే లేకుండా వచ్చేవాళ్లూ తక్కువేం కాదు. అమెరికాలో పదకొండు లక్షలకు పైగా గుండెపోటు రోగుల రికార్డులు పరిశీలించి 2012లో ప్రచురించిన విశ్లేషణలో, ఛాతీ నొప్పి లేకుండా ఆసుపత్రికి చేరినవాళ్లు ఆడవాళ్లలో 42 శాతం, మగవాళ్లలో 31 శాతం. మొదటి అధ్యయనంతో ఇది పొసగనట్టు కనిపిస్తుంది గానీ కారణం ఉంది. అక్కడ లెక్కలోకి వచ్చింది గుండె అనుమానంతో పరీక్షలు చేయించుకున్నవాళ్లు, ఇక్కడ గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన అన్ని రకాలవాళ్లూ. ఆ 31 శాతాన్ని మరచిపోకండి. ప్రతి పదిమంది మగవాళ్లలో ముగ్గురికి కూడా ఛాతీ నొప్పి లేదన్నమాట. కాబట్టి "ఆడవాళ్ల లక్షణాలు" అని పేరుపడ్డవి నాన్నగారికి వచ్చినా అంతే పట్టించుకోవాలి. ఛాతీ నొప్పి లేనివాళ్లకు వైద్యం ఆలస్యంగా మొదలైంది, మరణాలూ వాళ్లలోనే ఎక్కువ.

ఇంకో తేడా వయసు. ఆడవాళ్లకు మొదటి గుండెపోటు మగవాళ్లకన్నా సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల్లో జరిపి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తేలింది. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. కానీ షుగర్ ఉంటే, సిగరెట్ తాగితే నెలసరి ఉన్నన్నాళ్లూ ఉండే రక్షణలో చాలా భాగం పోతుంది. ఆడవాళ్లకే పరిమితమైన ముప్పులు కొన్ని ఉన్నాయి, వాటిని చాలాసార్లు ఎవరూ అడగరు: గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి గుర్రపు వాతం (ఫిట్స్) ప్రమాదం దాకా వెళ్లిందా, అప్పుడు షుగర్ వచ్చిందా, నెలసరి 40 ఏళ్లలోపే ఆగిపోయిందా. రుమటాయిడ్ ఆర్థరైటిస్, లూపస్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే దాడి చేసే జబ్బులు ఎవరికైనా ముప్పే అయినా ఆడవాళ్లలోనే ఎక్కువగా వస్తాయి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

వయసులో ఉన్న ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. గుండె రక్తనాళం లోపలి పొర దానంతటదే చీలి, ఆ చీలికలో రక్తం చేరి దారి మూసుకుపోయే రకం ఒకటుంది. దీని బారిన పడేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే. కొవ్వు ఉండక్కర్లేదు, బీపీ షుగర్ ఉండక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన మొదటి వారాల్లో వచ్చే గుండెపోట్లకు ముఖ్యమైన కారణం ఇదే. బాలింతకు ఛాతీ పట్టేసి చెమటలు పడితే "పాలు పట్టి అలసిపోయింది" అని సర్దిచెప్పుకోకూడదు. అలాగే పెద్ద షాక్ తగిలినప్పుడు, దగ్గరివాళ్లు పోయినప్పుడు, గుండె ఒక్కసారిగా బలహీనపడి అచ్చం గుండెపోటులాగే కనిపించే స్థితి ఉంది. నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఎక్కువ. దీన్నీ గుండెపోటునూ విడదీసేది యాంజియోగ్రామ్ మాత్రమే. "బాధతో అలా అయింది" అని ఇంట్లో కూర్చోబెట్టడానికి వీల్లేదు.

అమ్మగారి విషయంలో షుగర్ కూడా తోడైంది. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల నరాలు మొద్దుబారినట్టే గుండె నుంచి కబురు మోసే నరాలూ మొద్దుబారతాయి. నొప్పి రాదు, లేదా చాలా తక్కువగా వస్తుంది. అలాంటివాళ్లలో ఉన్నట్టుండి ఆయాసం, చెమట, వాంతి, కారణం లేకుండా షుగర్ బాగా పెరిగిపోవడం, ఇవే గుర్తులు. చెమట పట్టిందని షుగర్ పడిపోయిందనుకుంటారు. గ్లూకోమీటరుతో చూడండి, 70 కన్నా కిందకు పడిపోకుండా చెమటలు పడుతుంటే గుండె గురించి ఆలోచించాలి. 75 దాటిన పెద్దవాళ్లలోనూ నొప్పి వెనక్కి తగ్గిపోతుంది. ఆయాసం, తూలి పడిపోవడం, ఉన్నట్టుండి మాటల్లో తికమక, ఇవే ముందు కనిపిస్తాయి.

ముందు రోజుల్లో వచ్చే సూచనలు

515 మంది ఆడవాళ్లను గుండెపోటు తర్వాత ప్రశ్నించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు వారాల్లో అసాధారణమైన అలసట ఉందని చెప్పినవాళ్లు సుమారు 70 శాతం. నిద్ర చెడిపోయిందన్నవాళ్లు దాదాపు సగం, ఆయాసం అన్నవాళ్లు 42 శాతం. వెనక్కి తిరిగి గుర్తుచేసుకుని చెప్పినవి కాబట్టి, అలసటగా ఉన్న ప్రతి ఒక్కరికీ గుండెపోటు వస్తుందని దీనర్థం కాదు. చూడాల్సింది మార్పు. మొన్నటిదాకా ఒక్క ఊపులో ఎక్కిన మెట్లు ఇప్పుడు మధ్యలో ఆగి ఎక్కాల్సి వస్తోందా? స్నానం చేసి వచ్చాక పడుకోవాల్సి వస్తోందా? పని చేస్తే ఛాతీ, గొంతు, దవడ, చెయ్యి పట్టేసి, ఆగితే ఐదు నిమిషాల్లో వదిలేస్తోందా? ఆ చివరిది ఆంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే ఇబ్బంది. కొత్తగా మొదలైనా, తక్కువ పనికే వస్తున్నా, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊరికే కూర్చున్నప్పుడు, నిద్రలో వచ్చిందంటే అది అత్యవసరమే, ఆంబులెన్స్ పిలవాల్సిందే.

గ్యాస్ అనుకోవడం గురించి గట్టిగానే చెప్పాలి. అజీర్తి మంటకు కొన్ని పోలికలు ఉంటాయి: తిన్నాక వస్తుంది, వంగితే, పడుకుంటే పెరుగుతుంది, నోట్లోకి పులుపు వస్తుంది, ఎన్నాళ్లుగానో ఒకేలా ఉంటుంది. పక్కటెముకల నొప్పి అయితే వేలితో నొక్కితే అక్కడే కలుక్కుమంటుంది. ఊపిరి పీల్చినప్పుడు గుచ్చేది ఊపిరితిత్తుల పొరది కావచ్చు. ఇవన్నీ గుండెపోటు అవకాశాన్ని తగ్గిస్తాయి గానీ కొట్టిపారేయవు. యాంటాసిడ్ తాగితే తగ్గింది కాబట్టి గ్యాసే అనే తర్కం అసలు పనికిరాదు. గుండెపోటు బాధ తనంతట తానే వచ్చీపోతుందని పైన చెప్పాను కదా, మందు తాగిన సమయానికే అది తగ్గి ఉండవచ్చు. త్రేన్పు వస్తే కొంచెం హాయిగా ఉందన్నది కూడా సాక్ష్యం కాదు. 40 దాటిన మనిషికి, లేదా షుగర్, బీపీ, సిగరెట్, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవాళ్లకు మొదటిసారి వచ్చిన "గ్యాస్ నొప్పి" చెమటతో కలిసి వస్తే అది గ్యాస్ కాదనుకునే మొదలుపెట్టాలి.

ఇంట్లో ఉన్న మిషన్లు కూడా మోసం చేస్తాయి. బీపీ మామూలుగా ఉండటం, పల్స్ ఆక్సీమీటరులో 98 చూపడం, స్మార్ట్ వాచీ "లయ బాగానే ఉంది" అనడం, ఈ మూడూ గుండెపోటు లేదనడానికి రుజువులు కావు. వాచీ ఒకే తీగ నుంచి లయను మాత్రమే చూస్తుంది. ఏ గోడకు రక్తం అందట్లేదో దానికి తెలియదు.

అనుమానం వచ్చిన మరుక్షణం

మొట్టమొదట ఆంబులెన్స్‌కు ఫోన్. మాత్ర వెతకడం, బంధువులకు చెప్పడం, తెలిసిన డాక్టరును అడగడం, అన్నీ తర్వాత. ఫోనులో "వయసు ఇంత, ఇన్ని నిమిషాలుగా ఛాతీ బరువు, చెమటలు, గుండెపోటు అనుమానం" అని ఒక్క ముక్కలో చెప్పండి. మొదలైన సమయం కాగితం మీద రాయండి. ఏ వైద్యం చేయాలో ఆసుపత్రిలో నిర్ణయించేటప్పుడు ఆ సమయం అడుగుతారు. మనిషిని ఉన్నచోటే, వీపుకు ఏదైనా ఆనించి మోకాళ్లు కొంచెం మడిచి సగం కూర్చున్నట్టు ఉంచండి. బిగుతు బట్టలు వదులు చేయండి. మెట్లు దిగనివ్వకండి, బాత్రూముకు నడవనివ్వకండి. తలుపు తీసి, దారి చూపడానికి ఒకరిని బయట నిలబెట్టండి. సొంత బండి నడుపుకుంటూ వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు. దారిలో లయ తప్పితే ఆంబులెన్స్‌లో డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చి లయ సరిచేసే మిషన్) ఉండే అవకాశం ఉంది, బండిలో ఏమీ ఉండదు. ఆంబులెన్స్ నిజంగా రాలేని చోటైతే వేరొకరు నడపాలి, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. దగ్గరున్న క్లినిక్‌కు కాకుండా 24 గంటలూ ఈసీజీ, వీలైతే క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసి స్టెంట్ వేసే గది) ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

తర్వాత ఆస్పిరిన్. 300 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, లేదా 75వి నాలుగు, నమిలి మింగాలి. నమలకుండా మింగితే కడుపులో కరిగి రక్తంలో చేరడానికి సమయం పడుతుంది. గడ్డ మీద గడ్డ పేరుకోకుండా ఆపడమే దాని పని. 1988లో వచ్చిన ఐసిస్-2 అధ్యయనంలో, 17 వేల మందికి పైగా రోగుల్లో, ఆస్పిరిన్ ఒక్కటే ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల మరణాలను 23 శాతం తగ్గించింది. ఆస్పిరిన్ పడనివాళ్లకు, కడుపులో పుండై రక్తం పోతున్నవాళ్లకు, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం లాంటి పక్షవాతం గుర్తులున్నవాళ్లకు ఇవ్వకూడదు. నొప్పి చీల్చేసినట్టు ఒక్కసారిగా ఛాతీ నుంచి వీపుకు దూసుకుపోతే అది మహాధమని చీలిక కావచ్చు, అప్పుడూ ఇవ్వకండి, ఫోనులో అడగండి. పారాసిటమాల్ వేస్తే లాభం లేదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేస్తే నష్టం.

నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర విషయంలో చాలా జాగ్రత్త. "గుండెపోటు వస్తే ఈ మూడు మాత్రలు వేసేయండి" అని ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఇదీ ఉంటుంది. డాక్టరు ఇంతకుముందే ఆ మనిషికి రాసిచ్చి ఉంటేనే వాడాలి, అదీ కూర్చోబెట్టి ఒక్కటి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, ఆంబులెన్స్‌ను ఇంకా పిలవకపోయి ఉంటే ఇక ఆలోచించకుండా పిలవండి. ఈ మాత్ర రక్తనాళాలను వదులు చేసి బీపీని దింపుతుంది. పై బీపీ 90 కన్నా తక్కువున్నవాళ్లకు, గుండె కుడివైపు దెబ్బతిన్నవాళ్లకు అది కుప్పకూలేంత ప్రమాదం. గడిచిన 24 గంటల్లో సిల్డెనాఫిల్, లేదా 48 గంటల్లో టడలాఫిల్ (రెండూ అంగస్తంభన కోసం వాడే మాత్రలు) వేసుకున్న మగవాళ్లకు అస్సలు వద్దు. ఈ మాట భార్యాపిల్లల ముందు చెప్పడానికి సిగ్గుపడి దాచేవాళ్లుంటారు. ఆంబులెన్స్ సిబ్బందికి ఒంటరిగా చెప్పే వీలు కల్పించండి. నైట్రేట్‌కు నొప్పి తగ్గింది కాబట్టి అది గుండెదేనని, తగ్గలేదు కాబట్టి కాదని తేల్చడం కూడా తప్పే. అన్నవాహిక పట్టేసినా దీనికి తగ్గుతుంది.

గట్టిగా దగ్గితే గుండె ఆగదన్న ప్రచారాన్ని నమ్మకండి. ఛాతీ రుద్దడం, నీళ్లు, తినడానికి ఏదైనా పెట్టడం వద్దు. అత్యవసరంగా యాంజియోగ్రామ్ చేయాల్సి రావచ్చు, వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ఆసుపత్రిలో

చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయడం ప్రమాణం. వరుసలో కూర్చోబెడితే "గుండెపోటు అనుమానం, ముందు ఈసీజీ తీయండి" అని మర్యాదగా, గట్టిగా అడగండి. ఆడవాళ్ల తరఫున ఇది మరీ అవసరం. "టెన్షన్ అయి ఉంటుంది" అన్న మాట వాళ్లకే ఎక్కువగా ఎదురవుతుంది. మీరు చెప్పేటప్పుడు కూడా "ఈమధ్య బాగా టెన్షన్ పడుతోంది" అని మొదలుపెట్టకండి, లక్షణం, మొదలైన సమయం, షుగర్ ముందు చెప్పండి. పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి దిగిపోతుంది. అయినా అది ఈసీజీ తర్వాత అనుకోవాల్సిన మాట.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇంటికి బయల్దేరకండి. గుండె వెనక గోడ దెబ్బతింటే మామూలు ఈసీజీలోని 12 లీడ్లలో (గుండెను 12 కోణాల్లో చూపే గీతలు) సరిగా కనిపించదు, వీపు మీద అదనపు లీడ్లు పెట్టి చూడాలి. ఇబ్బంది కొనసాగుతుంటే మళ్లీ మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ కూడా అంతే. కండరం దెబ్బతిన్నాక అది రక్తంలో కనిపించడానికి సమయం పడుతుంది. లక్షణాలు మొదలైన గంటకే తీసిన రక్తంలో లేనంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. సున్నితమైన కొత్త పరీక్షనైతే ఒకటి నుంచి మూడు గంటల తర్వాత, పాతదైతే ఇంకా ఆగి రెండోసారి చూడాలి. రెండు కొలతల మధ్య పెరుగుదలే అసలు సాక్ష్యం. ఆడవాళ్లకు ఈ పరీక్షలో మామూలు హద్దు మగవాళ్లకన్నా తక్కువ. ఒకే హద్దు పెట్టి చూస్తే కొందరి గుండెపోటు దొరక్కుండా పోతుంది. "ట్రోపోనిన్ రెండోసారి ఎప్పుడు?" అన్న ఒక్క ప్రశ్న అడగండి చాలు.

నాళం పూర్తిగా మూసుకుపోయినట్టు ఈసీజీలో తేలితే బెలూన్‌తో తెరిచి స్టెంట్ వేయాలి, చేరిన 90 నిమిషాల్లోపు. 120 నిమిషాల్లో అది కుదరని చోటైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపాలి. ఇంజెక్షన్ 12 గంటల దాకా ఇస్తారు గానీ గంటలు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. "ముందు అందరం మాట్లాడుకుని చెప్తాం" అని సంతకం ఆపేది ఇక్కడే. ఆ మాట్లాడుకోవడం ఐదు నిమిషాలు దాటకూడదు.

మధ్యలో మనిషి పడిపోయి పిలిచినా పలక్కపోతే, ఊపిరి ఆగితే, లేదా చేప నోరు తెరిచినట్టు అప్పుడొకటి ఇప్పుడొకటి ఎగశ్వాస తీస్తుంటే, గుండె ఆగిందనే లెక్క. ఆ ఎగశ్వాసను చూసి బతికే ఉన్నారు కదా అని ఆగిపోతారు, ఆగకండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోతే నొక్కుతూనే ఉండండి. రెండు నిమిషాలకొకసారి చేతులు మారాలి, అలసిన చెయ్యి లోతుగా నొక్కలేదు. ఏఈడీ (గుండెకు దానంతటదే షాక్ ఇచ్చే చిన్న మిషన్) దొరికితే వెంటనే పెట్టండి, ఏం చేయాలో అదే మాటలతో చెబుతుంది. పరాయి స్త్రీ అని చెయ్యి వేయడానికి జంకడం వల్ల బయట పడిపోయిన ఆడవాళ్లకు ఇలా ఛాతీ నొక్కే సాయం (సీపీఆర్) తక్కువగా అందుతోంది. ఏఈడీ ప్యాడ్లు నేరుగా చర్మానికి అంటుకోవాలి, అడ్డొచ్చిన లోదుస్తులు కత్తిరించండి. నలుగురు చుట్టూ నిలబడి వీపు తిప్పితే మరుగు దొరుకుతుంది.

అమ్మగారు ఇంటికి వచ్చాక రెండు పనులు చేయండి. ఒకటి, డిశ్చార్జి సమ్మరీ, ఇప్పటి ఈసీజీ, వాడుతున్న మందుల పట్టీ ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. రేపు మళ్లీ ఏదైనా అనుమానం వస్తే కొత్త ఈసీజీని పాతదానితో పోల్చి చూడటం డాక్టరుకు చాలా పెద్ద సాయం. స్టెంట్ వేసి ఉంటే రక్తం పలచబరిచే రెండు మాత్రల్లో ఏదీ కార్డియాలజిస్టును అడక్కుండా ఆపకండి, పన్ను పీకించుకోవడానికైనా సరే. ఆపితే స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు. రెండోసారి వస్తే మళ్లీ దవడ నొప్పే రావాలని లేదు, ఈసారి ఆయాసమే రావచ్చు.

రెండోది మీ గురించి. తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ 65 ఏళ్లలోపు, తండ్రికి గానీ అన్నదమ్ములకు గానీ 55 ఏళ్లలోపు గుండెపోటు వస్తే పిల్లలకు, తోబుట్టువులకు ముప్పు ఎక్కువన్నట్టే వైద్యులు లెక్కిస్తారు. అమ్మగారికి 58. కాబట్టి మీరూ, మీ తోడబుట్టినవాళ్లూ బీపీ, షుగర్ మూడు నెలల సగటు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఈ నెలలోనే చేయించుకోండి. డాక్టరు దగ్గర "మా అమ్మకు 58కి గుండెపోటు వచ్చింది" అని వయసుతో సహా చెప్పండి.